సర్కారులు, దత్తమండలములు, ఏజెన్సీ

తెలుగు చలనచిత్రములను పంపిణీ చేయు వర్తకులు, క్రొత్త చిత్రము విడుదలయిన మరునాడు వసూళ్ల లెక్కలు చెప్పుకొనునపుడు, తెలుగుదేశమును నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని భాగించుకొందురు. ఇందు మొదటి రెండు పేర్లును నేటి ప్రభుత్వపు పటములలో నెందును కానరావు. నైజాము రాజ్యము 1948 సెప్టెంబరులో భారతదేశమున లీనమయ్యెను. సీడెడ్ అనబడునవి ఆ నైజాము 1800 అక్టోబరులో ఈస్టిండియా కుంఫిణీవారికి వదలుకొనిన మండలములు. ఆ సంధికి సమ్మతించిన నిజాం ఆలీఖాను గాని, దానిని వ్రాయించిన వెల్లెస్లీ ప్రభువు గాని, తమ యొడంబడిక రెండు శతాబ్దముల కనంతరము బొమ్మల వ్యాపారమునందు బ్రదికి యుండునని కలలోనైనను తలచి యుండరు.

పాలకులు దేశమును విభజించునది శిస్తు రాబట్టుకొనుటకును, సైన్యమును పోషించుటకును, తగవులు తీర్చుటకును. ఆ యక్కఱ తీరినతోడనే విభాగములలో పెక్కు నామావశేషము లగును; కొన్నింటికి నామము సైతము మిగులదు. మఱికొన్ని మాత్రము రాజ్యము మాఱినను, శాసనము రద్దయినను, జనుల నోళ్లలో నిలిచి, జిల్లాలకంటెను దృఢముగా మనుష్యుల మనస్సులను పాలించుచుండును. ఇందులకు గల హేతువును గూర్చి నా యభిప్రాయమును ముందే చెప్పుచున్నాను. గీతను గీచిన రాజు బలమునకును, ఆ గీత యాయుర్దాయమునకును సంబంధము స్వల్పము. గీతకు ఇరుప్రక్కల శిస్తు పద్ధతి యెంతకాలము వేఱుగా నుండెనో, నీరు ఎంతకాలము వేఱుగా ప్రవహించెనో, చట్టము ఎంతకాలము వేఱుగా నడచెనో, అంతకాలమును, ఆ తరువాత మఱి రెండుమూడు తరములును, ఆ పేరు సాగినది.

ప్రాచీనకాలమున మన దేశవిభాగములు నాడులు, విషయములు, స్థలములు, సీమలు. రేనాడు ఏడువేలు, పాకనాడు ఇరువదియొకవేలు అని శాసనములు సంఖ్యలతో గూడ పేర్కొనును. ఆ సంఖ్య గ్రామములదో, ఆదాయముదో యని పండితులు వాదించుచునే యున్నారు. మనకు దొరకిన తొలి తెలుగు శాసనములలోనివగు కడపమండలపు కలమళ్ల, ఎఱ్ఱగుడిపాడు శాసనములు ఈ రేనాటి చోళులవే. అంత ప్రతిష్ఠ గల రేనాడు నేడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను పాడుకొనునపుడు కోవెలకుంట్ల ప్రాంతమున వినవచ్చు మాటగా మాత్రమే మిగిలినది. తక్కిన నాడులలో పెక్కింటి గతి మఱింత విచిత్రము. వెలనాడు, వేగినాడు, ములికినాడు, కాసలనాడు, పాకనాడు నేలను విడిచి కులశాఖలలో కాపురము పెట్టినవి. బ్రాహ్మణులలో వెలనాట్లు, వేగినాట్లు, ములికినాట్లు, కాసలనాట్లు, తెలగాణ్యులు గలరు. రెడ్లలో పాకనాటివారు, వెలనాటివారు గలరు. పెండ్లిచూపుల ముందు శాఖను గూర్చి పట్టుదలతో విచారించు పెద్దమనిషిని, అయ్యా, మీ నాటికి ఎల్లలేవి యని యడిగినచో నూటికి తొంబదిమంది తెల్లబోవుదురు. వెలనాటి చోడుల పాలన యంతరించిన యెనిమిది శతాబ్దములకు పిమ్మటను ఆ పేరు సంబంధములను కలుపుచు విడదీయుచునే యున్నది గాని, పొలము గట్లను చూపలేకున్నది.

పల్నాడొక్కటి యిందు కపవాదము. పండ్రెండవ శతాబ్దమున దాయాదుల పోరుతో పాడయిన ఆ చిన్న రాజ్యము తన పేరును తన నేలమీదనే నిలుపుకొన్నది. అందులకు నల్లమల కొండలును కృష్ణానదియు నేర్పరచిన సహజమైన కోట యొక కారణము. కారెంపూడిలో ప్రతి కార్తికమాసమునను వీరులకు జరుగు పూజ మఱియొక కారణము. ఆంగ్లేయుల పాలనలోను పల్నాడు తాలూకా యుండుట మూడవది. 1922లో పుల్లరియను మేతపన్ను తగవునందు కన్నెగంటి హనుమంతు ప్రాణములర్పించిన దీ తాలూకాలోనే. ఎనిమిదివందల యేండ్లు జనుల వాడుకలో నున్న ఈ పేరునకు 2022 ఏప్రిలులో జిల్లా హోదా లభించెను. అయితే ఆ జిల్లాకు ముఖ్యపట్టణమైన నరసరావుపేట పూర్వపు పల్నాడు తాలూకాలోనిది గాదు. వాడుకలోని పేరు ప్రభుత్వపు కాగితమెక్కునపుడు ఈపాటి యొరపిడి తప్పదు కాబోలు.

ఇక సర్కారుల మాట. మొగలు పరిపాలనలో సుబాకు లోబడినది సర్కారు, సర్కారునకు లోబడినది పరగణా. 1687లో గోలకొండ దుర్గము ఔరంగజేబు వశమైన తరువాత ఆ రాజ్యపు తూర్పుతీరము హైదరాబాదు సుబాలో భాగమయ్యెను. చికాకోలు, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరమను కొండపల్లి, ముర్తజానగరమను గుంటూరు అని యీ తీరమున నైదు సర్కారులు. వీనికి ఉత్తర సర్కారులని పేరు వచ్చినది మదరాసు కోటలో కూర్చుండి చూచిన దొరల వలన. హైదరాబాదు నవాబునకు అవి తూర్పున నుండెను, అచటి కాపులకు ఏ దిక్కునను లేవు. 1753లో సలాబత్‌జంగు వీనిలో నాలుగింటిని తన ఫ్రెంచి స్నేహితుడగు బుస్సీకి సైన్యపు ఖర్చుల నిమిత్త మిచ్చివేసెను. 1758 డిసెంబరులో పిఠాపురము చెంతనున్న చందుర్తి యుద్ధమున ఫోర్డు సేనాని ఫ్రెంచివారి నోడించి, మరుసటి యేప్రిలులో మచిలీపట్టణమును పట్టుకొనుటతో ఆ దానము చేతులు మాఱెను. 1765లో పేరునకు మాత్రమే పాదుషా యగు షా ఆలమునుండి ఫర్మానా, 1766లో నైజాముతో ఒడంబడిక, 1768లో మఱియొక యొడంబడిక, నైజాము తమ్ముడగు బసాలత్‌జంగు జాగీరుగా ననుభవించుచున్న గుంటూరు 1788లో స్వాధీనమగుట, తుదకు నైజామునకు ఏటేట చెల్లవలసిన పేష్కషును 1823లో ఒక్క మొత్తముతో కొనివేయుట: ఇన్ని పత్రములతో, ఇన్ని ముద్రలతో స్థిరపడిన ప్రాంతము తెలుగుదేశమున మఱియొకటి లేదు.

అయినను మన ప్రాంతనామములలో అన్నిటికంటె వడిగా వెలిసిపోయిన దీ సర్కారుల పేరే. మొదట శాశ్వత పైసలా వచ్చి, 1802 మొదలు రెండుమూడేండ్లలో ఆ నేల నంతను జమీందారీలుగా ముక్కలుచేసెను. విజయనగరము, బొబ్బిలి, పిఠాపురము, నూజివీడు అను పేర్ల ముందు సర్కారు పేరు చిన్నబోయెను. ఆ మీదట కాటన్ దొర వచ్చెను. 1852లో ధవళేశ్వరపు ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియగుటతో, ఏలూరు సర్కారు ఎక్కడ ముగిసి రాజమహేంద్రవరపు సర్కారు ఎక్కడ మొదలగునో తెలిసికొనవలసిన యావశ్యకత రైతునకు లేకపోయెను. ఏ కాలువ క్రింద తన చేను ఉన్నదో యది తెలిసిన చాలును. ప్రభుత్వమును ఆ దారినే నడచి, 1859లో పాత గుంటూరు, మచిలీపట్టణము, రాజమహేంద్రవరము జిల్లాలను చెఱపి రెండు నదుల పేర రెండు జిల్లాల నేర్పాటు చేసెను. శిస్తు గీచిన గీతను నీరు తుడిచివేయుట కింతకంటె స్పష్టమైన నిదర్శనము మన చరిత్రలో దొరకదు. స్వాతంత్ర్యోద్యమకాలమున పత్రికలలో సర్కారు జిల్లాలని విరివిగా వ్రాసిరి గాని, రాష్ట్ర మేర్పడిన తరువాత కోస్తా యను మాట దానిని మెల్లగా త్రోసిపుచ్చినది. కాకినాడనుండి చెన్నపట్టణము మీదుగా చెంగల్పట్టు పోవు రైలొకటి నేటికిని సర్కార్ ఎక్స్‌ప్రెస్ యను పేరు మోయుచున్నది. దానిలో పయనించు యువకులు అది ప్రభుత్వపు బండి గనుక ఆ పేరు వచ్చినదని భావించినచో వారిని తప్పు పట్టనక్కఱలేదు.

సీడెడ్ అనబడు దత్తమండలముల కథ దీనికి సరిగా విపరీతము. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధములలో కుంఫిణీవారి ప్రక్కన నిలిచినందులకు ప్రతిఫలముగా 1792లోను, 1799లోను నైజామునకు లభించిన భూభాగములివి. 1799 గెలుపునకు రెండేండ్లు నిండకమున్నే, తన రాజధానిలో నుంచుకొనిన కుంఫిణీ పటాలముల జీతబత్తెముల క్రింద వీనిని ఆ కుంఫిణీకే యర్పించివేసెను. బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములును, నేటి కర్నూలుమండలములో కొంతయు నిట్లు చేతులు మాఱినవి. కర్నూలు నవాబు మాత్రము తన చిన్న రాజ్యమును 1839 దాక నిలుపుకొనెను. 1800 మొదలు 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో ఎనుబదిమంది వఱకు నున్న పాళెగాండ్ర నణచి, డేరాలలో నూరూర దిగుచు చేను చేనును కొలిపించి, నడుమ జమీందారుడు లేకుండ రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించుకొను పద్ధతిని ఇచట పాదుకొలిపెను. ఇరువదియేండ్ల పిమ్మట గవర్నరుగా మరల నీ ప్రాంతమునకు వచ్చి, 1827లో పత్తికొండలో విషూచితో మరణించెను. సర్కారులలో రైతు జమీందారుని ముఖము చూచుచుండగా, ఇచట రైతు తహశ్శీలుదారుని ముఖము చూచుచుండెను. సర్కారులకు రెండు మహానదుల నీరు పాఱుచుండగా, ఇచట 1876 మొదలు రెండేండ్లు సాగిన మహాక్షామమున జనులు పురుగులవలె రాలిపోయిరి. సుంకేసుల యొద్దనుండి తీసిన కర్నూలు కడప కాలువ తప్ప ఆనాడు చెప్పుకోదగిన నీటివసతి యెఱుగని నేల యిది.

పరిపాలనాదృష్టితో చూచినచో దత్తమండలము లేనాడో అంతరించినవి. 1808లోనే వానిని బళ్లారి, కడప జిల్లాలుగా చీల్చిరి. 1858లో కర్నూలు జిల్లా యేర్పడినపుడు కంబము, కోవెలకుంట్ల, మార్కాపురము కడపనుండియు, పత్తికొండ బళ్లారినుండియు దానిలో చేరినవి. 1882లో బళ్లారినుండి అనంతపురము వేఱుపడినది. కాని యీ జిల్లాలలో దేనిలోనున్నను రైతుకష్టము ఒక్కటే యగుటచేత పాత గీత మనస్సులలో చెఱగలేదు. ఆంధ్రోద్యమము పుట్టినపుడు అది కష్టము స్థాయినుండి సంశయము స్థాయికి పెరిగెను. సర్కారులవారు చదువులందును వకీలుపనులందును ముందున్నారు. ప్రత్యేక రాష్ట్రము వచ్చినచో పెత్తనము వారిదే యగునేమో యని దత్తమండలముల నాయకులు శంకించిరి. 1926లో నెలకొనిన ఆంధ్ర విశ్వవిద్యాలయము ఎక్కడ నుండవలెనను తగవు ఆ శంకను బలపఱచెను.

అట్టి వాతావరణములో 1928లో నంద్యాల సభలలో, ఒకరు పుచ్చుకొని ఒకరికి ధారపోసిన నేలయని స్ఫురింపజేయు దత్తమండలముల పేరును విడిచి, రాయలసీమ యని పిలుచుకొనవలెనను తలపు పుట్టెను. ఈ పేరు పెట్టిన ఘనతను చిలుకూరి నారాయణరావుగారి కిత్తురు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరును కొందఱు చెప్పుదురు. ఎవరు పెట్టినను చక్కని పేరు. ఒక యవమానమును తీసివేసి దాని స్థానమున ఒక సామ్రాజ్యమును నిలిపినది. అయితే గమనింపవలసిన దేమనగా, పేరు విజయనగర రాయలది గాని, ఎల్లలు మాత్రము వెల్లెస్లీవే. రాయల సామ్రాజ్యము రామేశ్వరము దాక నుండెను. రాయలసీమ పూర్వపు నాలుగు జిల్లాలు దాటదు. మఱియు 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మాత్రము మనకు వచ్చి, బళ్లారి మైసూరునకు పోవుటచేత, హంపీ విజయనగరమే రాయలసీమకు వెలుపల నుండిపోయినది.

1937 నవంబరు 16వ తేదీన మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు గృహమున కుదిరిన యొడంబడికతో ఈ వాడుక పేరు రాజకీయపు సరుకయ్యెను. రాజధాని, ఉన్నతన్యాయస్థానము వేఱువేఱు చోట్ల నుండవలెననియు, వానిలో కోరినదానిని ఎంచుకొను హక్కు సీమ కుండవలెననియు, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటి విషయమున పదియేండ్లు రాయలసీమకును నెల్లూరునకును ప్రాధాన్య మీయవలెననియు నందు నిర్ణయించుకొనిరి. 1953లో కర్నూలు రాజధాని యగుట దీని ఫలమే. ఏ చట్టమునను నిర్వచింపబడని ప్రాంతము, చట్టములో నెన్నడో చచ్చిన విభాగము, ఒక రాష్ట్రపు రాజధానిని నిర్ణయించినది.

ఆ యొడంబడికలో నెల్లూరు పేరు ప్రత్యేకముగా నేల వచ్చెను? నెల్లూరు సర్కారులలోనిది గాదు, దత్తమండలములలోనిదియు గాదు. ఆర్కాటు నవాబు రాజ్యముతోపాటు 1801లో కుంఫిణీ పాలయిన జిల్లా యది. చిత్తూరు ప్రాంతములో అధికభాగమును ఆ నవాబుదే. ఉత్తర ఆర్కాటునుండి తీసిన తాలూకాలకు కడపకు చెందిన మదనపల్లె, వాయల్పాడు చేర్చి 1911లో చిత్తూరు జిల్లాను నిర్మించిరి. ఒక్క నవాబు చేతినుండి ఒక్క యేటనే వచ్చిన యీ రెంటిలో నెల్లూరు కోస్తాలో కలిసినది, చిత్తూరు రాయలసీమలో కలిసినది. సముద్రము, పెన్న ఆనకట్ట, కలకత్తా రైలుదారి నెల్లూరును ఉత్తరమునకు లాగినవి. మెట్టపంటలు, ఎండిన చెఱువులు, కడపతోడి పొత్తు చిత్తూరును పడమటికి లాగినవి. మార్కాపురము కథ దీనికి తలక్రిందు. అది నిక్కమైన దత్తమండలపు తాలూకా. 1970లో ఒంగోలు కేంద్రముగా జిల్లా కట్టినపుడు దానిని, గిద్దలూరును కర్నూలునుండి తీసి చేర్చుటతో పటములో కోస్తావారయిరి. వానలు, భూములు, వలసలు మాత్రము సీమవిగానే యుండుటచేత, పిమ్మట ప్రకాశమని పేరు పొందిన ఆ జిల్లాలో పడమటివారి మొఱ యెన్నడును తూర్పువారి మొఱతో కలియలేదు.

తెలంగాణమును గూర్చి చెప్పవలసినది చాల గలదు గాని, అది యిపుడు స్వయముగా రాష్ట్రమగుటచేత ఈ వ్యాసమున క్లుప్తముగా ముగింతును. నైజాము రాజ్యము మూడు భాషల నేల: తెలంగాణము, మరాట్వాడా, కర్ణాటకము. సాలార్‌జంగు 1865లో జిల్లాబందీ చేసి సుబాలు జిల్లాలు నిర్మించినపుడును ఈ మూడు భాగములు వాడుకలో చెదరలేదు. ఉరుదూ కచేరీలు, జాగీర్లు, దేశముఖులు, ముల్కీ నిబంధనలు, వేఱు నాణెము: కృష్ణకు ఆవలి తెలుగువారి బ్రతుకుతో పోల్చినచో ఈవలిది వేఱు లోకము. కావున 1956లో పెద్దమనుష్యుల ఒప్పందముతో రెండు నేలలను కలిపినను, ఉద్యోగములలో, నిధులలో పాత గీత పదేపదే పైకి తేలి, 2014 జూన్ 2న చట్టపు గీతయే యయ్యెను. మరల తూర్పుతీరమునకు వచ్చినచో, చికాకోలు సర్కారు మాత్రము తన పేరు పోగొట్టుకొని ప్రాంతమును మిగుల్చుకొనినది. దానిలోని గంజాము 1936లో ఒరిస్సాలో కలియగా, మిగిలిన విశాఖమండలమునుండి 1950లో శ్రీకాకుళము, 1979లో విజయనగరము జిల్లాలు పుట్టి, ఆ మూడింటిని కలిపి ఉత్తరాంధ్ర యను నేటి వాడుక కలిగినది.

ఈ పేర్లన్నింటిలోను నాకు మిక్కిలి విచారణీయముగా తోచునది ఏజెన్సీ. తూర్పు కనుమలలోని ఏ సంతకు పోయినను, బస్సులో ఎవరిని పలకరించినను, మాది ఏజెన్సీ యనియే చెప్పుదురు. అది ఆంగ్లపదమను స్పృహ చెప్పువారికి లేదు. గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలలో జమీందారుల తిరుగుబాట్లు అణగకపోవుటచేత, 1839 నాటి 24వ చట్టముతో ఆ కొండలను సాధారణ న్యాయస్థానముల యధికారమునుండి తొలగించి, కలెక్టరునకు గవర్నరు ఏజెంటను హోదా నిచ్చి ఆతని చేతిలో పెట్టిరి. అతని యధికారము నడచు చోటు ఏజెన్సీ. 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టమును, 1879లో రంపపితూరీ తరువాతి కట్టుబాట్లును గోదావరి మన్యమునకు సైతము ఆ విధానమును విస్తరింపజేసెను. అల్లూరి సీతారామరాజు 1922 మొదలు రెండేండ్లు పోరాడినది ఈ ఏజెంటు పాలనతోనే. గవర్నరు ఏజెంటు పోయెను, ఆంగ్లేయులు పోయిరి, ఏజెన్సీ మాత్రము రాజ్యాంగపు అయిదవ షెడ్యూలులోనికి ప్రవేశించి, 1959 నాటి భూబదలాయింపు నిబంధనలతోను, వానికి 1970లో వచ్చిన సవరణతోను, మునుపటికంటె బలపడినది. ఆ సవరణను కొండలలో చదువురాని వృద్ధులు సైతము వన్ ఆఫ్ సెవెంటీ యని సంఖ్యతోనే పిలుతురు.

భద్రాచలమును చూడుడు. 1860 వఱకు నైజాముది; అప్పుడు ఆంగ్లేయులకు వచ్చి మధ్యపరగణాలలో చేరినది; 1874లో గోదావరి జిల్లాకు బదిలీ యయినది; 1959లో ఖమ్మమునకు పోయినది; 2014లో చుట్టుపట్ల మండలములు ఆంధ్రప్రదేశమునకు పోగా, రామాలయము గల పట్టణము తెలంగాణములో నిలిచినది. దేవునికి మాన్యములున్న పురుషోత్తపట్నము ఒక రాష్ట్రము, దేవుడొక రాష్ట్రము. ఆవలనున్న రంపచోడవరము, పాడేరు మన్యమునకు 2022లో సీతారామరాజు పేరనే జిల్లా కట్టిరి. ఇన్ని మార్పులలోను, రాష్ట్రపు గీతకు ఇటు గాని అటు గాని ఆ కొండపల్లెలలో సెంటు భూమి కొనబోవువాడు మొట్టమొదట తెలిసికొనవలసిన విషయము జిల్లా యేదని గాదు. ఊరు ఏజెన్సీలోనిదా, మైదానములోనిదా యని.